నాన్న మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేవాడు

హైదరాబాద్‌లో ఇందిరా పార్కు దగ్గర ఎక్కి వీఎస్టీ దగ్గర దిగే స్టీల్ బ్రిడ్జి మీద మొన్న వెళ్లాం. విద్యానగర్‌లో చుట్టాలింట్లో పెళ్లిచూపులు. మా అబ్బాయి కారు నడుపుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. దిగేచోట అద్దం కాస్త దించాడో లేదో, గుప్పున పొగాకు వాసన. సిగరెట్టు పొగ వాసన కాదది. ఎండిన ఆకును ఆవిరి పట్టి, అందులో ఏదో తియ్యటిది కలిపినట్టుండే వాసన. వీఎస్టీ సిగరెట్ల ఫ్యాక్టరీ వాసన. చిన్నప్పుడు గాలి మళ్లినప్పుడల్లా చిక్కడపల్లిలో మా వాకిట్లోకి వచ్చేది. "తూర్పుగాలి తిరిగింది, వాన పడేట్టుంది" అని అమ్మ తీగ మీది బట్టలు తీసేది.

"చూశావా నాన్నా, నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు" అన్నాడు మావాడు సంతోషంగా.

నిజమే. ఆ నాలుగు నిమిషాల్లో అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, బాగ్‌లింగంపల్లి అన్నీ కింద నుంచి వెళ్లిపోయాయి. మెట్రో పట్టాల కంటే కూడా ఎత్తున వెళ్తుంది ఆ వంతెన. పైనుంచి నాకు నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు, హాస్టళ్ల డాబాల మీద ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనిపించలేదు. మా గల్లీ ఎటుందో కూడా పోల్చుకోలేకపోయాను.

2023 ఆగస్టులో తెరిచిన ఆ వంతెనకు నాయిని నర్సింహారెడ్డిగారి పేరు పెట్టారు. పేరు విషయంలో నాకు చాలా సంతోషం. ఆయన ఆ వీఎస్టీ కార్మికుల నాయకుడే. 1978లో ముషీరాబాద్ నుంచి అసెంబ్లీకి గెలిచారు, తెలంగాణ వచ్చాక మొదటి హోంమంత్రి అయ్యారు. ఫ్యాక్టరీ గేటు ముందు మాట్లాడుతూ ఎదిగిన మనిషి. ఆ గేటు దగ్గరే వంతెన దిగడం బాగుంది. కానీ ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వంతెన కింద ఉన్న ఊరే కళ్ల ముందు తిరిగింది. అందుకే రాస్తున్నాను.

* * *

మా నాన్న ఆర్టీసీలో గుమస్తా. సూర్యాపేట పక్క పల్లె నుంచి ఉద్యోగం కోసం పట్నం వచ్చినవాడు. ముషీరాబాద్‌లోని ఆర్టీసీ హెడ్డాఫీసులో ఆయన సీటు. ఇప్పుడు బస్ భవన్ అంటున్నాం. ఆ ఆఫీసు వల్లే ఆ నాలుగు రోడ్ల కూడలికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ అని పేరొచ్చింది. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన సంస్థ ఇంతైందని నాన్న ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవాడు. ఆ 27 బస్సుల్లో ఒకటి తనదే అన్నంత గర్వంగా చెప్పేవాడు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి అశోక్‌నగర్ వైపు పోయే ఒక గల్లీలో, హుస్సేన్‌సాగర్ నాలాకు కొంచెం ఇవతల మా పోర్షన్. పెద్ద పెంకుటిల్లు. మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ ఆరు పోర్షన్లు. కింద షహబాద్ బండలు. మూలన నీళ్ల హౌజు, దాని పక్కన జామచెట్టు. గల్లీ వైపు, గుమ్మానికి అటూ ఇటూ రెండు అరుగులు. ముందు భాగంలో ఓనర్లు ఉండేవాళ్లు. ఓనరు పెద్దాయన నిజాం కాలంలో సర్కారు నౌకరీ చేసి రిటైరైనవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పొద్దున చదివేది ఉర్దూ పేపరు. పిల్లలందరికీ ఆయన పెద్దబాపు, ఆమె పెద్దమ్మ.

మా పోర్షన్‌లో ఒక పెద్ద గది, వంటిల్లు. మేం ఐదుగురం. ఇరుకని ఎవరైనా అంటే అమ్మకు కోపం వచ్చేది. వాకిలి ఉండగా ఇరుకేమిటి? బియ్యం ఏరడం, పిల్లల తలలు దువ్వడం, వడియాలు, ఆవకాయ, ట్యూషన్, పేకాట, పంచాయితీ అన్నీ వాకిట్లోనే. ఎండాకాలం పడకలూ అక్కడే. గదిలోకి పోయేది దేవుడికి దండం పెట్టుకోవడానికీ, పెట్టెలోంచి బట్టలు తీసుకోవడానికీ.

నీళ్లు మాత్రం కష్టం. నల్లా తెల్లవారుజామున వచ్చేది. రావడానికి ముందు గొట్టంలో గాలి బుసకొట్టేది, ఆ చప్పుడికే ఆరు పోర్షన్ల ఆడవాళ్లూ ఒకేసారి లేచేవాళ్లు. బిందెల వరస రాత్రే పెట్టి ఉండేది. బిందె లేనివాళ్లు రాయి పెట్టేవాళ్లు, ఆ రాయికి కూడా బిందెకున్న హక్కే. బండల మీద ఇత్తడి బిందె ఆనించిన చప్పుడు, నిండుతున్నకొద్దీ లోపలి శబ్దం సన్నబడడం, చివర్లో అంచు దాకా వచ్చేసరికి ఆగిపోవడం – కళ్లు తెరవకుండానే ఎవరి వంతు నడుస్తోందో చెప్పగలిగేవాణ్ణి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడనే మాట పెద్దబాపు రోజూ అనేవాడు. ఆ నీళ్లు మోసిన అమ్మ ఒక్కసారీ ఆ మాట అనలేదు.

* * *

ఒంటిగంట దాటిందంటే గుమ్మం దగ్గర నాన్న చెప్పుల చప్పుడు.

హౌజు దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చేవాడు. అమ్మ అప్పుడే అన్నం వార్చి ఉంచేది. పప్పు, ఏదో ఒక కూర, తొక్కు, ఎండాకాలమైతే పచ్చిపులుసు. తినేటప్పుడు మాట్లాడేవాడు కాదు. తిన్నాక, భుజం మీది తువాలు మడిచి తలకింద పెట్టుకుని, గడప పక్కన చల్లటి బండ మీద పడుకునేవాడు. నిద్ర కాదు, కళ్లు మూసుకునేవాడంతే. ఒంటిపూట బడి రోజుల్లో మేం ఇంట్లోనే ఉండేవాళ్లం కాబట్టి ఆ కాసేపట్లోనే మా ఎక్కాలు వినేవాడు. తప్పు చెప్తే కళ్లు తెరవకుండానే "మళ్లీ" అనేవాడు. పదిహేడో ఎక్కం నేను నేర్చుకున్నది అలా, ఆయన పొట్ట లేచి పడుతుంటే చూస్తూ.

తర్వాత లేచి మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని మళ్లీ నడక. గల్లీ చివర పిండి గిర్ని ఆయనను పలకరించాలి, మంగలి షాపులో పేపరు మీద ఒక కన్నేయాలి, పాన్ డబ్బా దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. శుక్రవారమైతే సాంబ్రాణి ఫకీరు ఎదురొచ్చేవాడు, చేతిలో నిప్పుల కుండ, నెమలీకల కట్ట. దుకాణం దుకాణానికీ పొగ వేసుకుంటూ పోయేవాడు. నాన్న తల వంచి ఆ పొగ పట్టించుకుని పైసలిచ్చి వెళ్లేవాడు. రోడ్డు పక్కన వేపచెట్లుండేవి కాబట్టి మిట్టమధ్యాహ్నమైనా నడవగలిగేవాడు. బస్సుల ఆఫీసులో ఉద్యోగం, కుటుంబానికంతటికీ పాసులు. కానీ ఆఫీసుకు వెళ్లడానికి ఆయన బస్సెక్కడం నేను చూడలేదు. ఆ అవసరమే పడలేదు.

నాకు ఉద్యోగమొచ్చి, పెళ్లయి, సొంతిల్లు కొనుక్కునే వేళకు చిక్కడపల్లిలో కొనే తాహతు లేదు. ఉప్పల్ అవతల ఫ్లాటు కొన్నాను. ఆఫీసు కొండాపూర్‌లో. పొద్దున నేను వెళ్లేసరికి మావాడు నిద్రలో ఉండేవాడు, రాత్రి వచ్చేసరికి మళ్లీ నిద్రలో. నేను వాడికి ఆదివారం మనిషిని. మా నాన్న జీతం నా జీతంలో ఏ మూలకూ రాదు. అయినా ఆయనకు రోజూ మధ్యాహ్నం వేడి అన్నం, పది నిమిషాల నడుంవాల్పు, పిల్లల ఎక్కాలు దక్కాయి. ఒక పేట బాగుందా లేదా అని ఎవరైనా అడిగితే నేను రోడ్ల వెడల్పు చూడను. అక్కడ పనిచేసే మనిషి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రాగలడా అని చూస్తాను.

* * *

రాత్రి మాకు గడియారం అక్కర్లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లే మా గడియారం. సుదర్శన్, దేవి, సంధ్య, ఓడియన్, సప్తగిరి, మయూరి, అన్నీ కూతవేటు దూరంలో. మ్యాట్నీ వదిలితే అమ్మ పొయ్యి ముట్టించేది. ఫస్ట్ షో వదిలేసరికి మేం తిని పక్కలు వేసుకోవాలి.

సెకండ్ షో సంగతి వేరు. వాకిట్లో పడుకుని మెలకువగా ఉంటే, అర్ధరాత్రి దాటాక గల్లీ అటు చివర మొదలయ్యేది, వందల చెప్పుల చప్పుడు. బస్సులు అయిపోయిన వేళ. దోమల్‌గూడ, హిమాయత్‌నగర్ వాళ్లు మా గల్లీలోంచే నడిచిపోయేవాళ్లు. ముందు తొందరగా నడిచే కుర్రకారు, ఈలలు, డైలాగులు. తర్వాత సంసారులు, భుజం మీద నిద్రపోయిన పిల్లలు, చేతిలో ఖాళీ అయిన మంచినీళ్ల సీసా. చివర ముసలివాళ్లు. ఒక్కొక్క గుంపూ గోడ అవతల నుంచి ఒక్కొక్క ముక్క మాట్లాడుకుంటూ పోయేది. చెల్లెలి పాత్ర ఎందుకు చంపాడని ఒకామె, చంపకపోతే కథేముందని వాళ్లాయన. ఏ సినిమా అయినా చూసేలోపే కథ నాకు ముక్కలుగా తెలిసిపోయేది, ఎటూ అతకని ముక్కలుగా. వాటిని నేనే అతికించుకుని మర్నాడు బడిలో చెప్పేవాణ్ణి.

ఆ వేళప్పుడు ఒంటరిగా నడిచిపోయే ఆడవాళ్లుండేవాళ్లు. హాల్లో పనిచేసే ఆయాలు, పల్లీలు అమ్ముకునేవాళ్లు. అంతమంది నడిచే దారి గనక వాళ్లకు భయం లేదు. గల్లీలో వీధి దీపం ఒక్కటే, అదీ సగం రోజులు వెలిగేది కాదు.

బాల్యంలో కొత్త సినిమా వస్తుందంటే నాకు పండగ హాలు ముందు కాదు, హాలు వెనక. అక్కడ నేల మీద పరిచి కటౌట్లకు రంగులు వేసేవాళ్లు. హీరో చెయ్యి ఒక దగ్గర, మొహం ఒక దగ్గర. మొహం వేసే పెయింటరు పెద్ద. బట్టలూ బూట్లూ వేసేవాళ్లు శిష్యులు. కన్ను వేసేటప్పుడు ఆయన నిచ్చెన ఎక్కి పైనుంచి ఒకసారి చూసి, దిగి, ఒక్క తెల్ల చుక్క పెట్టేవాడు. అంతే, అప్పటిదాకా చెక్క ముక్కగా ఉన్నది మమ్మల్ని చూడటం మొదలుపెట్టేది. ఎంతసేపు చూసినా ఎవరూ పొమ్మనేవాళ్లు కాదు. సుదర్శన్ 70 ఎంఎం పోయింది. ఓడియన్ జాగాలో మల్టీప్లెక్స్ మాలు లేచింది. దేవి, సంధ్య ఇంకా ఉన్నాయి. ఆ పెయింటర్లు ఏమయ్యారో.

* * *

పొమ్మనని చోట్లు మాకు చాలా ఉండేవి. అవే మా ఆస్తి.

మొదటిది సెంట్రల్ లైబ్రరీ. పేపర్లు వాలు బల్లల మీద పరిచి ఉండేవి. ఒకే పేజీని ఇటొకరు అటొకరు చదివేవాళ్లు, పేజీ తిప్పాలంటే అవతలివాళ్ల మొహం చూసి తిప్పాలి. ఉద్యోగ ప్రకటనలొచ్చే రోజున తెరిచేసరికే గేటు దగ్గర మనుషులు. ఉర్దూ పేపర్ల బల్ల దగ్గర పెద్దబాపు, ఆయన దోస్తులు. చదివేది కొంత, నిట్టూర్చేది కొంత.

మా అక్క బతుకు మారింది అక్కడే. ఆరు పోర్షన్ల వాకిట్లో ఆడపిల్లకు చదువుకునే మూల లేదు. మగపిల్లలు అరుగు మీద కూర్చోవచ్చు, దీపాలు పెట్టాక కూడా. అక్క కూర్చుంటే గల్లీ అంతా మాట్లాడేది. లైబ్రరీకి వెళ్తానంటే మాత్రం నాన్న కాదనలేకపోయాడు. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా అక్క చదువు ఆ హాల్లో ఫ్యాను కింద నడిచింది. సర్కారు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. ఫలితాల రోజున నాన్న మిఠాయి పొట్లం తీసుకుని ముందు లైబ్రరీకి వెళ్లి, తర్వాతే ఇంటికొచ్చాడు.

రెండోది త్యాగరాయ గానసభ. బయట బోర్డు మీద ఆనాటి కార్యక్రమం, కింద "ప్రవేశం ఉచితం". మాకు ఆ రెండు మాటలే ముఖ్యం. కచేరీ అర్థమై వెళ్లామని చెప్పను. ఫ్యానుండేది, కుర్చీ ఉండేది. కానీ వెళ్లగా వెళ్లగా చెవి దానంతటదే కుదురుకుంది. వయొలిన్ శ్రుతి చేసుకునేటప్పుడు హాలంతా నిశ్శబ్దమయ్యే ఆ కాసేపు నాకిప్పటికీ ఇష్టం. నాటకాలు చూశాం, అవధానాలు చూశాం. కిరాణా కొట్టు గుమస్తా, కాలేజీ లెక్చరరు, హైకోర్టు వకీలు ఒకే వరసలో కూర్చునేవాళ్లు.

మూడోది ఇందిరా పార్కు. నేను బడికెళ్లే వయసులో తెరిచారు. దాదాపు 76 ఎకరాలు. మా కళ్లకు అడివే. పక్కన ధర్నా చౌక్ వచ్చాక సెలవు రోజుల్లో మేం పార్కుకు పోతూ అక్కడ ఆగేవాళ్లం. అంగన్‌వాడీ అక్కలు, బీడీ కార్మికులు, టీచర్లు, రైతులు, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి టెంటు కింద కూర్చునేవాళ్లు. మా ఊరి వైపు యాస మైకులో వినిపిస్తే నాన్న ఆగి, వాళ్లకు మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో చూపించేవాడు. 2017లో అక్కడ ధర్నాలు వద్దన్నారు, మరుసటి ఏడాది హైకోర్టు ఉత్తర్వుతో మళ్లీ మొదలయ్యాయి. పేటకు అదో ఇబ్బంది అని కొందరంటారు. ట్రాఫిక్ ఆగుతుంది, నిజమే. కానీ రాష్ట్రం బాధంతా నడిచొచ్చి కూర్చునే చోటు మా ఇంటి పక్కనుండటం మాకు చాలా నేర్పింది.

* * *

అంతా బంగారమని చెప్తే అబద్ధం. ఆ వాకిట్లో చోటు అందరికీ దొరికేది కాదు.

నాన్నతో పనిచేసే స్నేహితుడొకాయన, మా జిల్లావాడే, ఇల్లు వెతుక్కుంటున్నాడు. మా దగ్గరే ఒక పోర్షన్ ఖాళీ అయింది. నాన్న ఉత్సాహంగా తీసుకొచ్చాడు. పెద్దమ్మ చాయ్ ఇచ్చి, ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, తర్వాత కులం అడిగింది. ఆయన చెప్పాడు, దాచుకోలేదు. "మా అబ్బాయి వస్తానంటున్నాడు, పోర్షన్ ఇవ్వట్లేదు" అంది పెద్దమ్మ. వచ్చే వారమే ఇంకెవరికో ఇచ్చారు. ఆయన కాళ్లరిగేలా తిరిగి చివరికి ఎక్కడో దూరాన గది తీసుకుని, రెండు బస్సులు మారి ఆఫీసుకు వచ్చేవాడు. మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని ఒక్కడే తినేవాడట. అది తెలిశాక నాన్న వారంలో కొన్ని రోజులు ఇంటికి రాకుండా, తనూ క్యారియర్ పట్టించుకుని వెళ్లి ఆయనతో తినేవాడు. పెద్దమ్మతో మాత్రం ఒక్క మాట అనలేదు. అనలేకపోయాడు. మనం కిరాయికి ఉన్నవాళ్లం.

పెద్దమ్మ నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి. ఆ చేతులూ ఈ మాటా ఒకే మనిషివి. ఈ రెండింటినీ కలిపి గుర్తుపెట్టుకోవడం నేర్చుకున్నాను.

* * *

2000 ఆగస్టు 24. ఆ ఒక్కరోజులో నగరంలో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ పొంగి నాలాలోకి వచ్చింది, నాలా పొంగి పేటల్లోకి వచ్చింది. మా చిన్నప్పుడు ఆ నాలా ఒడ్డున బర్రెల కొట్టాలుండేవి, వానాకాలం నీళ్లు పరుచుకోవడానికి ఖాళీ జాగా ఉండేది. ఏటా కొంచెం కొంచెంగా ఆ జాగాలో గోడలు లేచాయి. నీళ్లకు దారి తగ్గింది.

అప్పటికి నేను ఉప్పల్‌లో. అమ్మానాన్నలు ఇంకా ఆ పోర్షన్‌లోనే. నీళ్లు ముందు గల్లీలోంచి రాలేదు, జాలారి తూములోంచి పైకి ఉబికాయని అమ్మ చెప్పింది. నల్లటి నీళ్లు, బుడగలు బుడగలుగా. చూస్తుండగానే పొయ్యి మునిగింది, మంచం లేచింది. అందరూ ఎదురింటి డాబా ఎక్కారు. నాన్న సర్వీసు కాగితాలున్న రేకు పెట్టె మాత్రం తెచ్చుకున్నాడు, అదీ సగం తడిసి. నేను వెళ్లేసరికి ఆ కాగితాలను డాబా మీద ఒక్కొక్కటీ పరిచి, గులకరాళ్లు పెట్టి ఆరబెడుతున్నాడు. సిరా కారి అక్షరాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఏది ఏ సంవత్సరం కాగితమో వేలితో చూపిస్తూ నాకు చెప్పాడు, చదవకుండానే.

అదే వరద బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకీ వచ్చింది. అబ్దుల్ సమద్ ఖాన్ అనే పెద్దమనిషి జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు అక్కడ భద్రపరిచి ఉన్నాయి, అవీ తడిసిపోయాయి. పెద్దబాపు అప్పటికి లేడు. ఉండుంటే ఇంటికంటే దానికే ఎక్కువ బాధపడేవాడు.

వరద తర్వాత అమ్మానాన్నల్ని నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఓనర్ల కొడుకులు ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. వాళ్లను తప్పుపట్టను. కూలిన గోడలు, నలుగురు వాటాదార్లు, ఏం చేస్తారు? అక్కడ ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. కింద స్టిల్ట్ పార్కింగ్. గల్లీలో దాదాపు ప్రతి ఇల్లూ అంతే. వరద భయానికి మనుషులు పైకి వెళ్లారు, కార్లకు జాగా కావాలని నేల ఖాళీ అయింది. నడిచేవాడి కంటి ఎత్తున ఒక కిటికీ లేదు, ఒక గడప లేదు. ఇనుప గేట్లూ, వాటి వెనక బంపర్లూ. నాన్న ఇప్పుడు నడిచొస్తే పలకరించేందుకు వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు.

2020 అక్టోబర్‌లో మళ్లీ ఊరు మునిగింది. ఇప్పుడు నాలాకు కాంక్రీటు గోడలు కడుతున్నారు. కట్టాల్సిందే. నీళ్లకు జాగా కూడా వదలాల్సింది.

* * *

వంతెన మీది నుంచి వెళ్లిన ఆ వారమే ఒక్కణ్ణే మెట్రోలో వెళ్లాను. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ బస్టాండు దాకా ఈ లైన్ మొదలైంది. చిక్కడపల్లి స్టేషన్‌లో దిగాను. మెట్రో మంచి పని, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. మోకాళ్ల నొప్పులతో బస్సుల్లో వేలాడిన మా తరానికి అది పెద్ద ఆసరా. కష్టమంతా లిఫ్టు దిగాకే. ఫుట్‌పాత్ కొంతదూరం ఉండి మాయమవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్, బండ్లు, మళ్లీ కొంచెం ఫుట్‌పాత్. కూర్చోవడానికి ఒక బల్ల లేదు, ఒక అరుగు లేదు. వేపచెట్ల నీడ పోయి పిల్లర్ల నీడ వచ్చింది. పండ్లమ్మే ఒకామె నన్ను చూసి తన స్టూలు ఇచ్చింది. కాసేపు కూర్చుని లేచాను.

అశోక్‌నగర్ నిండా పిల్లలు. గ్రూప్స్‌కు, ఎస్సై ఉద్యోగాలకు, టీచర్ పోస్టులకు చదివేవాళ్లు. జిరాక్స్ షాపులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, మెస్సులు, హాస్టళ్లు. పేట చచ్చిపోయిందని నాతోటివాళ్లు అంటుంటారు. నాకలా అనిపించలేదు. గల్లీల్లో ఇంతమంది కుర్రవాళ్లు పుస్తకాలు పట్టుకుని నడవడం నా చిన్నప్పుడూ లేదు. వాళ్లకు పేట ఏమిస్తోందన్నదే నా బాధ.

లైబ్రరీలో కుర్చీ ఖాళీ లేదు. వరండాలో, మెట్ల మీద, చెట్టు కింద కూడా చదువుతున్నారు. మెట్ల మీద ఒకబ్బాయి పక్కన కూర్చున్నాను. తుంగతుర్తి వైపు వాడట. మా జిల్లా యాస విని నాకు ప్రాణం లేచొచ్చింది.

"రూమ్ ఎట్లుంది బాబూ?"

"మూడు బెడ్లు సార్. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడే. అందుకే పొద్దుగాల వచ్చి ఈడ కూసుంట."

"మరి మధ్యాహ్నం?"

"మెస్సుల తిని మళ్ల వస్త. నడిస్తే ఐదు నిమిషాలే."

వేసవిలో కరెంటు పోతే, పరీక్ష పోయి దిగులేస్తే ఎక్కడికి వెళ్తావని అడిగాను. ఎక్కడికీ వెళ్లనన్నాడు. హోటల్లో కూర్చుంటే ఏదో ఒకటి కొనాలి. పార్కు కొంచెం దూరం, పైగా అంతసేపు పుస్తకం వదలాలంటే భయం. గానసభ తెలుసా అంటే తెలియదన్నాడు. రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు.

సాయంత్రం వాణ్ణి తీసుకెళ్లాను. ఆ రోజు చిన్నపిల్లల కూచిపూడి. తల్లులు గజ్జెలు కట్టే హడావుడిలో ఉన్నారు, ఒక పాప పూలజడ ఊడి ఏడుస్తోంది. మేం వెనక వరసలో కూర్చున్నాం. పూలజడ పాప స్టేజి మీదికొచ్చి అడుగు మర్చిపోయి, పక్కపిల్లను చూసి అందుకుంది. తుంగతుర్తి అబ్బాయి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

బయటికొచ్చేటప్పుడు బోర్డు ముందు ఆగాడు.

"రోజూ రావచ్చా సార్? పైసలేం లేవా?"

"రోజూ రావచ్చు. టికెట్ లేదు" అన్నాను. మర్నాడు ఆరు గంటలకు నాటకం ఉందని రాసి ఉంది. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు, రూమ్‌లో మిగతా ఇద్దరికీ చూపిస్తానని.